రెండు వందల అడుగులు

బల్లార్షాల పాత సామాన్ను భంగార్ అంటరు.
మా అమ్మ మరాఠీ రాని రోజులల్ల
బంగారమనుకున్నది,
కాగితాల మిల్లు వెనక సందుల
ఇంత బంగారం ఎండల పడేసిన్రేందని.

మెష్రామ్ భావ్ దుకాణంల కింద కూసున్న.
ముందట గోనెసంచి, సంచినిండ మోటార్లు.
జిరాక్సు మిషన్లయి, బొగ్గుగని ఆఫీసుల పాత ప్రింటర్లయి,
ఒకటి దేనిదో భావ్‌కే తెల్వదు.
ఆయనకు అన్నీ ఒక్కటే, కిలో నూటయాభై.
నాకు ఏ రెండూ ఒక్కటి కావు.

పరీక్ష చిన్నదే.
ఇరుసును వేళ్ళతోని తిప్పితే వదులుగ తిరుగుతది.
నాలుగు తీగలల్ల రెండిటిని ముడేసి మళ్ళ తిప్పితే
గట్టిపడాలె,
లోపట ఎవలో చెయ్యి పట్టుకున్నట్టు.
పట్టుకుంటే ఆ రెండూ ఒక చుట్టవి.
లేకుంటే జోడి మార్చు.
ఏ జోడికీ పట్టియ్యనిదాన్ని
పక్కకు పెట్టు, తిట్టకు.

"కశాలా పాహిజే బాయీ, ఇన్ని చూస్తున్నవ్?"
చాయ్ గ్లాసు జరుపుకుంట భావ్ అడిగిండు.
పేర్లు చెక్కే మిషన్ భావ్, ఇంట్లనే చేస్తున్న.
మంచం కింద మొదలైంది,
ఇప్పుడు మంచమే బయటికెళ్ళింది.

పోయిన నెల చవుకకు ఆశపడ్డ.
ప్రింటరుది ఒకటి, నలభై ఎనిమిది అడుగులల్ల చుట్టు తిరిగేది.
జిరాక్సుది ఒకటి, దానికి రెండు వందల అడుగులు.
రెండిటికీ లెక్క కుదిర్చిన, కాగితం మీద కుదిరింది.
మొదటి పలక దుర్గం లస్మయ్యది.
ముప్పై ఏండ్లు భూమి కిందికి దిగి ఎక్కిన మనిషి,
పేరు రెండు భాషలల్ల కావాలన్నడు.

మరాఠీల మంచిగనే వచ్చింది.
పైన ఒక గీత, గీతకు వేలాడే అక్షరాలు.
గీతకు ఒక్క మోటారు నడిస్తే సాలు.
తెలుగు కాడికొచ్చేసరికి
మన అక్షరంల నిటారు ఏమున్నది?
ఎక్కడ చూసినా వంపే.
వంపు వంపుకూ రెండూ కలిసి కదలాలె,
ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరగాలె.
దుర్గం చివర సున్న మూత పడలేదు.
పొరక తగిలిందో, టేకు ముడి తగిలిందో,
ప్రింటరుది ఒక్క అడుగు తప్పింది.

తప్పిన సంగతి దానికి తెల్వదు.
వేసిననే అనుకుంటది, లెక్క ముందుకే పోతది.
అక్కడి నుంచి లస్మయ్య అంతా
ఒక నూలు పక్కకు.

ఆయన పలకను వేలితోని తడిమిండు.
"గనిల గూడ గంతే బిడ్డా,
కింద తప్పింది పైన పుస్తకంల పడది."
పైసలు వాపసు అడగలేదు.
పలక తీస్కపోనూ లేదు.

పెద్ద మోటారు నాగపూర్ల పద్దెనిమిది వందలు.
మూడు కావాలె, వాటిని నడిపే డబ్బాలు వేరే.
నా చేతిల చిట్టీ పైసలు రెండు వేల ఐదు వందలు,
అందుల కిరాయి కూడ ఉన్నది.
బలం కొనలేనప్పుడు తొందర తగ్గించుకోవాలె.
చిన్న మోటారు నిమ్మలంగ నడిస్తే
ఉన్నదానికన్న గట్టిగ పట్టుకుంటది.
ఇది ఎవరూ చెప్పలేదు, పాడైన కట్టెలు చెప్పినయ్.

మధ్యాహ్నం మూడింటికి దొరికినయ్ రెండు.
ఒకే కంపెనీ, ఒకే నంబరు, తుప్పు గూడ ఒకే తీరు.
ఏ మిషన్ల పక్కపక్కన బతికినయో.
భావ్ కాంట మీద పెట్టిండు,
కిలోకు యాభై గ్రాములు తక్కువ.
చెయ్యి పట్టియ్యనిది కూడ సంచిలేసి
"ఇది ఊరికెనే" అన్నడు.

మే నెల, రేకుల ఇల్లు.
మోటారు మీద చెయ్యి ఆనుతలేదు,
గోడ మీదా ఆనుతలేదు,
ఏ వేడి ఎవరిదో.
పేరు జోలికి పోలేదు.
కరెంటు ఉన్నంతసేపు
లస్మయ్య పలక వెనకదిక్కు
సున్న ఒక్కటే చెక్కిన, పదకొండు సార్లు.

పదకొండోది ఎక్కడ మొదలైందో
వేలికి దొరకలేదు.