మూడూ పన్నెండుకి

రెండు రెక్కల ఎముకల నడుమ
అగ్గిపెట్టెంత పరికరం.
బిగుతు చొక్కా వెనక జేబులో దోపి
పచ్చ దీపం వెలిగేదాకా ఆగి
ఒక్కొక్కరినీ వానలోకి వదులుతాను.
మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి.
మేయో తీరాన మార్చి వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వచ్చి చెవిలో దూరుతుంది.
ఆ వానలోనే మా ఆడపిల్లల గేలిక్ ఫుట్‌బాల్.

నా పని లెక్క.
ఎవరు ఎంత దూరం, ఎంత జోరుగా,
పరుగును ఎన్నిసార్లు గుంజి ఆపారు,
ఏ కాలు నేలను ఎంత గట్టిగా తన్నింది.
ఈ వారపు బరువును
గడిచిన నాలుగు వారాలతో తూచుతాను.
ముల్లు ఒక పక్కకి మొగ్గితే
తొడ వెనక కండరం తెగబోతోందని.
తెగాక చెప్పడానికి డాక్టరున్నాడు.
(నాది ఇరవై రెండేళ్లప్పుడు తెగింది.
ముందు చెప్పినవాడు లేడు.
గోనెపట్టా చిరిగిన చప్పుడు, అంతే.)

మూడు వారాలుగా కీలిన్ రూఆన్ గీత కుంగుతోంది.
ఎడమకాలు నేలను ముట్టీ ముట్టనట్టు పోతోంది.
"ఒళ్లు దాచుకుంటోంది టైగ్, చూడు"
తెర మీద తడివేలు ఆనించి అన్నాడు మాలకీ.
అంకెలు అతని పక్షానే సాక్ష్యం చెప్పాయి.
కోచ్ ముందు నేను నోరు మెదపలేదు.

శుక్రవారం పొద్దున బడికి పోతూ
నా గుమ్మంలో ప్లాస్టిక్ సంచి పెట్టి పోయింది.
"మర్చిపోయి ఇంటికి వేసుకుపోయా. తిట్టకు."
ఫైలు తెరిచాను. ఆగలేదు అది.

తొమ్మిదీ నలభైకి మైదానం.
ఆపైన గంటకి ఎనభై కిలోమీటర్లు, అది కారు.
ఆపైన నిద్ర ఉండాలి.
పదకొండింటికి ఇంటినుంచి కొట్టందాకా నూట పది మీటర్లు,
అక్కడ చుక్క మాయం.
రేకుల కప్పు కిందికి ఉపగ్రహాలకు చూపానదు.
మళ్లీ బయట. మళ్లీ మాయం.
తెల్లారేలోగా తొమ్మిదిసార్లు.
చుక్క లేకున్నా లోపలి ముల్లు ఊరుకోలేదు:
అడుగులు, వంగడం, మోకాళ్ల మీద కూలబడడం, లేవడం.
మూడూ పన్నెండుకి
మనిషిని మనిషి గుద్దుకుంటే తప్ప లేవనంత ఎత్తున
మూడు శిఖరాలు, వరసగా.
ఆ వెంటనే పదకొండు నిమిషాలు
ఏమీ లేదు.

పడిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం ఫోన్ ఎత్తింది. వెనక పిల్లల గోల.
"గొర్రెలు ఈనుతున్నాయి టైగ్, నూట నలభై.
పగలు మా అక్క. రాత్రి నేను."
మరి మూడూ పన్నెండుకి?
బడి గంట మోగి ఆగింది.
"ఓ, అదా. పిల్ల బయటపడింది, ఊపిరి లేదు.
వెనక కాళ్లు పట్టుకుని తిప్పాలి
గొంతులో జిగురు ఊడిపడేదాకా.
మూడుసార్లు తిప్పా."
తరవాత?
"కూర్చున్నా. ఒళ్లో పెట్టుకుని.
అయినా, అదంతా నీకెలా తెలుసు?"

నాకు మాట రాలేదు.
ఎవరి కొట్టంలోకో పిలవకుండా దూరి
చీకట్లో నిలబడ్డవాణ్ని.

విశ్రాంతి తీసుకో అనబోయాను.
ఆ ముక్క గొర్రెలకు చెప్పు అంటుందని ఊరుకున్నాను.
మాలకీకి మాత్రం ఫోన్ చేశాను:
ఆదివారం కీలిన్‌ని ఆడించొద్దు.
ఎందుకన్నాడు. ఎడమ తొడ అన్నాను.
అబద్ధం కాదు. మిగతాది ఆమె సొత్తు.

సాయంత్రం తెర అడిగింది:
అసాధారణ విలువలు మూడు. తొలగించాలా?
ఆ మూడింటి పక్కనున్న చదును గీతను
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను.
పూర్తిగా చదును కాదు.
సన్నని వణుకు ఒకటి, ఎగుడూ దిగుడూ,
ఆమె ఊపిరో, దానిదో.

వద్దు అని నొక్కాను.

సంచిలోంచి పరికరం తీసి తుడిచాను.
సందులో ఏదో పసుపుపచ్చగా ఎండి అంటుకుంది.
గోటితో గీరాను.
రాలేదు.