ఆవగింజంత తక్కువ

నా చెక్కపెట్టెలో పదకొండు పెన్నులు, ఆరు పెన్సిళ్లు.
అన్నీ యుద్ధం నాటివే.
ఈ నల్లపెన్నుకు క్లిప్పు నెత్తిమీదే ఉంటుంది చూడండి,
సిపాయి జేబు మూత సరిగ్గా పడేదానికి.
ఈ పాళీ ఉక్కు. బంగారం వేరే పనికి పోయిన కాలం.
ఈ పెన్సిల్‌కు రంగు లేదు, పేరు లేదు,
నీళ్లు పోసుకుని చొక్కా కోసం వెతుక్కునే పిల్లోడి మాదిరి
ఒట్టి కట్టె.

కొన్ని ఆదోని పాతసామాన్ల అంగట్లో తూకానికి కొన్నవి.
ఒకటి గుత్తిలో రైల్వే గార్డు మనవడు
ముక్కుతూ మూలుగుతూ ఇచ్చింది.
కర్నూలు వన్‌టౌన్లో మక్బూల్ సాబు వీటి కడుపులు విప్పి
బెల్లంగడ్డలా బిగిసిన రబ్బరు తిత్తి పీకి
కొత్తది తొడుగుతాడు.
"రాసేదానికా, దాచేదానికా?"
దాచేదానికే అంటాను.
పది రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు.

నాది కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం.
ఇంటింటికీ పోతాను,
ఇంటింటి గూళ్లూ కంటపడతాయి.

ఆస్పరి దాటినాక ఒక ఊరు. రాతిమిద్దె.
మీటరు పక్క గూట్లో, దువ్వెనకూ అమృతాంజనం డబ్బీకీ నడుమ
రెండంగుళాల కట్టె, నల్లటి ముల్లు.
తడి తగిలితే ఊదాసిరా అయ్యే పెన్సిల్.
నా చేతిలో మిషను గియ్యిగియ్యిమని బిల్లు కక్కుతా ఉంది,
నేను చూడనే లేదు.

"అవ్వా, దీన్ని అమ్ముతావా?"
"మా మామది. మద్దిలేటి.
యుద్ధంలో బర్మా తట్టు రోడ్లు కొట్టబోయి
సగం కంబళీ, ఇదీ తెచ్చుకున్నాడు.
అమ్మను. ఊరికే ఇస్తా.
ముందు ఒక బాకీ కొట్టెయ్."

గోడమీద జానెడు చోటు.
చుట్టూ ఏటేటా పూసిన సున్నం అట్టలు కట్టింది,
అక్కడ మాత్రం మట్టి మట్టిగానే ఉంది.
అందులో మూడు వరుసలు, ఊదా రంగు.

"రుద్రన్నకు జొన్నలు ఇయ్యాల్నని రాసినాడు, సచ్చిపోయినాడు.
నేను కల్లాల్లో కూలి చేసి తీర్చినా.
తీరిన బాకీ గోడమీద ఉంటే ఎట్లబ్బా?
గీత నేనూ గీస్తా.
యాది జొన్నలో యాది ఏమో నాకు తెలిస్తే కదా.
ఆ పెన్సిల్‌తో రాసింది ఆ పెన్సిల్‌తోనే కొట్టెయ్యాల."

చదివాను.
*జొన్నలు నాలుగు తూములు రుద్రన్న బాకీ.*
*ఎర్రావు ఈనింది పెయ్యదూడ.*
మూడోది చదివి ఆగినాను.
*తిమ్మక్క కాపురానికి వచ్చింది బేస్తవారం.*

"నీ పేరేమవ్వా?"
"తిమ్మక్క. ఏం?"
వినిపించాను.
ఆమె కొంగు సర్దుకుంది, గోడ దగ్గరికి వచ్చింది,
అక్షరాల మీద కాదు, పక్కన చెయ్యి పెట్టింది.
చానాసేపు.
"తప్పు రాసినాడు," అనింది.
"శుక్రారం వచ్చినా."

దిద్దమంటావా అంటే వద్దనింది.

ముల్లును నాలుకకు తాకించాను.
ఇన్నేళ్లలో నేను తడిపిన మొదటి పెన్సిల్ అదే.
చేదు, తుప్పు, ఎవరిదో ఎంగిలి.
జొన్నల వరుస మీద ఒక్క గీత.
గోడ గరుకు, గీత వణికింది.

బస్సులో కండక్టరు నవ్వినాడు,
"ఈ ఎండల్లో నేరేడు పండ్లు యాడ దొరికినాయన్నా?"
ఇంటికి పోయి నా పుస్తకంలో ఎక్కించాను:
పెన్సిల్, ఏడోది, రెండంగుళాలు, ఆవగింజంత తక్కువ.
మక్బూల్ సాబు చూసి
"వాడేసినావే, ధర పడిపాయె," అన్నాడు.

మళ్లీ నెల రీడింగుకు పోయినాను.
పోయిన నెల బిల్లు అవ్వ చూపించింది,
అచ్చు అప్పుడే వెలిసిపోయి తెల్లకాగితం.
గోడకు మాత్రం సున్నం కొట్టింది,
బాకీ వరుస మీద మాత్రమే.
ఊదా ఆగలేదు.
సున్నంలోంచి ఊరి, పైకి వచ్చి,
వంకాయపూవు రంగులో
జొన్నలూ కనపడతన్నాయి, గీతా కనపడతాంది.

"మళ్లా కొట్టనా సున్నం?" అంటే
"ఉండనీ. తీరిందని కూడా తెలుస్తాంది కదా," అని
స్టూలు నా దిక్కు జరిపింది,
మీటరు ఎత్తులో ఉందని.