ఇరవై మూడోది

వూచ్ నగరంలో మిల్లు మూతపడ్డాక
బొగుమీవాకి ఈ పని దొరికింది:
దూడ గుండె మీది పల్చటి పొరను
మూడు రేకులుగా కత్తిరించి
మైక్రోస్కోపు కింద వాల్వు కుట్టడం.
ఊపిరి బిగబట్టి ఒక కుట్టు,
వదిలి ఇంకొకటి.

ఉప్పునీళ్ళ యంత్రంలో పెడితే
తెరుచుకుంటూ మూసుకుంటూ
మనిషి పదేళ్ళ బతుకును
ఎనిమిది నెలల్లో బతికేయాలి అది.

ఇరవై రెండోది పంతొమ్మిదో రోజునే చిరిగింది.
కుర్ర ఇంజనీరు ఇరెనెయుష్
లెక్కలన్నీ తిరగేసి తల పట్టుకున్నాడు.
ఆమె చిరుగును పట్టకారుతో ఎత్తి చూసి
"మరీ బిగించాం బాబూ,
మా ఆయన జేబు మూల
ఎప్పుడూ ఇక్కడే పిగిలేది.
కాస్త వదులియ్యాలి" అంది.

ఎంత వదులు?
అతను పెన్ను వెతుక్కున్నాడు.
ఆమె దారాన్ని వేళ్ళ మధ్య సాగదీసి
"ఇంత" అంది.
ఆ "ఇంత" కాగితం మీదికి ఎక్కడానికి
నెల పట్టింది.

ఇప్పుడు ఇరవై మూడోది కొట్టుకుంటోంది.
నూట నలభయ్యో రోజు.
ఎవరి ఛాతీ కోసమో ఇంకా ఎవరికీ తెలియదు.

దీపాలార్పి, కోటు తొడుక్కుని
యంత్రం గాజుకి చెవి ఆనించింది బొగుమీవా.
ఏమీ వినబడలేదు.
గుండె జారింది.

అంతలో గుర్తొచ్చి నవ్వుకుంది:
ఎడమ చెవిని మరమగ్గాలు
ఎప్పుడో తినేశాయి కదా.

కుడివైపుకి తిరిగింది.