ఎదురుగాలి పద్దు

ఆరున్నరకి మెర్తోలా దాటాం.
నది ఇంకా దుప్పటి మడత పెట్టలేదు.
ఇల్దెత్ ముందు, నేను వెనక.
నిన్న రాత్రి ఉతికిన ఆమె మేజోళ్లు
సామాను సంచి మీద ఆరుతూ
అటొకటి ఇటొకటి తలూపుతున్నాయి.

మొదటి గంట మా గొప్పేం లేదు.
రోడ్డే చంకనెత్తుకుని దింపింది.
ఇరువైపులా బెరడు ఒలిచిన ఓక్ చెట్లు,
చొక్కా తొడిగించుకుని నిక్కరుకి దొరక్కుండా
పారిపోయిన పిల్లల్లా.
ఒక్కో మొద్దు మీద తెల్లరంగుతో ఒక అంకె.
ఒలిచిన ఏడాదిలో చివరి అంకె అది,
మళ్లీ తొమ్మిదేళ్ల దాకా గొడ్డలి తాకకూడదు అని
ఈ గడ్డ మీద పుట్టిన ఇల్దెత్
వెనక్కి తిరక్కుండానే అరిచింది.
నాకు అరవై ఒకటి.
తొమ్మిది కలపబోయి, ఆపేశాను.

పదింటికి గాలి లేచింది.
ముందు బుగ్గ తట్టింది,
తర్వాత ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టింది.
గోధుమ కోసేసిన పొలాల్లో
అడ్డుపడి ఆపే కంపయినా లేదు.
దిగుడులో కూడా తొక్కాల్సి రావడం,
అప్పు తీర్చినా వడ్డీ మిగిలినట్టు.

రోడ్డు చీలిన చోట నేను ఎడమ అన్నాను, ఆమె కుడి అంది.
పోర్తోలో ఇరవై ఎనిమిదేళ్లు ట్రాము నడిపినదాన్ని;
మలుపులన్నీ పట్టాలే తిప్పాయి, నేను కాదు.
అందుకేనేమో
దొరికిన ఒక్క మలుపునీ వదులుకోబుద్ధి కాలేదు.

ఎడమే తిరిగాం.
పదకొండు కిలోమీటర్లు కంకర.
ఎండ నడినెత్తిన కూర్చుని దిగనంది.
వెనక చక్రం ఉస్సూరుమంది.
ముల్లు చూస్తే చీమ తలంత.
ఇల్దెత్ ఒక్క మాటా అనలేదు.
అనుంటే బాగుండేది.
పంపు చేతికిచ్చింది, అతుకు చేతికిచ్చింది,
నీళ్ల సీసా మాత్రం
రాయి మీద పెట్టి పక్కకి జరిగింది.
ఆ సీసా ముందు నా వయసంతా ఊడిపోయి
బడిలో బల్లెక్కి నిలబడ్డ పిల్లనయ్యాను.
జిగురు ట్యూబుకి కాకుండా వేలికి రాసుకున్నాను.

తర్వాత ఒక ఊరు.
ఊరంటే ఆరు తెల్లగోడలు, వాటికి నీలం అంచు,
తలుపు మూసిన కాఫీ కొట్టు.
పక్కింటి కిటికీలోంచి ఒక ముసలామె
"ఎక్కడికమ్మా?" అనలేదు,
"ఎందుకమ్మా?" అంది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం,
రెండు గంటల్లో మొదటిసారి.
జుల్మీరా ఆమె పేరు.
టమాటా, కీరా, వెల్లుల్లి తరిగి కలిపిన చల్లటి చారులో
నిన్నటి రొట్టె తుంచి వేసి పెట్టింది.
నాలిక్కి ఉప్పు తగలగానే
ఒంట్లో వీధి దీపాలు వరసగా వెలిగాయి.
మూడో చెంచాకి
ఇల్దెత్ నా గిన్నెలో ఒక ఆలివ్ కాయ వేసింది.
గింజ తీసి మరీ.

పొద్దు వాలేవేళ ఒక మిట్ట.
ఎక్కలేదు, నడిచాం,
సైకిళ్లని పొగరుబోతు మేకల్లా
కొమ్ములు పట్టి లాక్కుంటూ.
పైకి వెళ్లేసరికి గాలి మాకంటే ముందు అలిసిపోయింది.
అవతల
రోడ్డు లోయలోకి రిబ్బనులా జారిపోయి ఉంది.
బ్రేకుల మీంచి వేళ్లు ఎత్తేశాను.
పట్టాలు లేవు, గంట లేదు,
వచ్చే స్టాపులో గొణుగుతూ ఎవరూ నిలబడి లేరు.
నోట్లో పురుగు పడితే మింగేసి నవ్వాను.
కళ్లనీళ్లు చెవుల్లోకి పారాయి.
నాలుగు నిమిషాలు. గడియారం చూశాను.

రాత్రి అగ్నిమాపక కేంద్రంలో
సెరఫీం అనే కుర్రాడు వ్యాయామశాల తాళం తీసి
రెండు పరుపులు వేశాడు.
ఇల్దెత్ లెక్కల పుస్తకం తెరిచింది.
అతుకు, ఒకటి.
అరటిపళ్లు, ఒకటిన్నర యూరో.
జుల్మీరా, తీసుకోలేదు.
ఎదురుగాలి, ఐదు గంటలు.
ఎడమ, అని రాసి
నావైపు చూసి, ఎదురుగా గీత పెట్టింది.
"దిగుడు రాయవా?" అన్నాను.
"అది ఖర్చు కాదుగా" అంది, దీపం ఆర్పుతూ.

చీకట్లో నా కాళ్లు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి.
ఎప్పుడో సైరను మోగింది,
బూట్లు మెట్లు దిగి పరుగెత్తాయి.
"రేపు కుడి" అంది ఇల్దెత్,
నిద్రలోనో, మెలకువలోనో.