మేకు

మాది నీలం రంగు మెటాడోరు.
ముందు అద్దం మీద "యెహోవా యీరే" అని రాయించాడు నాన్న.
పెయింటరు తొందరలో ఒక దీర్ఘం మింగేశాడు.
"దేవుడికి అక్షరదోషాలు పట్టవులే" అన్నాడు నాన్న.
అమ్మకి పట్టేవి.

వెనక సీట్లు పీకేస్తే మిగిలిన చోటులో
రెండు గొట్టాల స్పీకర్లు, హార్మనీ, కిరసనాయిలు స్టవ్వు,
నలగకుండా పరుపు కింద అమ్మ తెల్లచీరలు,
కరపత్రాల కట్టల మీద తమ్ముడు ఓబేదు.
పళ్ళొచ్చేటప్పుడు వాడు
"నీవు ఎక్కడికి పోవుచున్నావు?" అన్న కరపత్రాన్ని
సగం నమిలేశాడు.

"మీదే ఊరమ్మా?" అంటే
నిన్న పడుకున్న ఊరు చెప్పేదాన్ని.
పెదనందిపాడు బళ్ళో పదకొండు రోజులు చదివాను.
పన్నెండో రోజు
"కెజియా" అని మాస్టారు పిలిచే వేళకి
పొన్నూరు రోడ్డు మీదున్నాను.
ఎవరో ఒకరు "ఎల్లిపోయిందండీ" అనే ఉంటారు.

ఊళ్ళన్నీ నాకు కంచంలోంచే గుర్తు.
గోంగూరలో ఎండురొయ్యలు వేస్తే కాకుమాను.
చేబ్రోల్లో మాకోసం ఉన్న ఒక్క కోడినీ కోశారు.
వాళ్ళ పిల్లలు గుమ్మం పట్టుకుని మా కంచాల్లోకి చూస్తుంటే
అమ్మ తన ముక్క తీసి చిన్నదాని నోట్లో పెట్టింది,
"నాకివాళ ఉపవాసం" అంటూ.
అమ్మ ఉపవాసాలు చాలామటుకు
అలా అప్పటికప్పుడు వచ్చినవే.

మార్చిలో గుంటూరు, మిర్చియార్డు వెనక
హమాలీల పేటలో మూడు రాత్రుల కూడికలు.
గాలి ఇటు తిరిగిందంటే
తలలు వంచి ప్రార్థిస్తున్న వాళ్ళంతా
వరసపెట్టి తుమ్మేవాళ్ళు.
తప్పిపోయిన కొడుకు గురించి నాన్న చెబుతుంటే
ఒక్క కన్ను పొడిగా లేదు.
"ఆత్మ పనిచేసింది" అన్నాడు ఆ రాత్రి.
"ఘాటు పనిచేసింది" అంది అమ్మ.
ఇద్దరూ చాలాసేపు నవ్వుకోవడం
దుప్పట్లోంచి విన్నాను.
కానుక సంచిలో నలభై ఏడు రూపాయలు,
చినిగిన రెండు నోటు ఒకటి,
ఎవరో ముసలామె కొంగు విప్పి వేసిన
గుప్పెడు ఎండుమిరపకాయలు.

అమ్మ దగ్గరొక మేకుండేది.
పోపులపెట్టెలో, ఆవాల గిన్నెలో.
ఎక్కడ దొరికిందో చెప్పేది కాదు.
మా కేలండరేమో సీటు కమ్మీకి తాడుతో కట్టి ఉండేది,
బ్రేకు పడ్డప్పుడల్లా ఏప్రిల్ ఎగిరి జూన్ కనబడేది.

ఒకసారి బెజవాడ బ్యారేజీ మీద బండాగిపోయింది.
నాన్నా ఓబేదూ వెనకనుంచి తోస్తున్నారు,
బస్సులు హారన్లు కొడుతున్నాయి,
కింద నీళ్ళు లేని కృష్ణలో ఎవరో ఇసుక మీద బట్టలారేశారు.
అమ్మ వాటినే చూస్తూ అడిగింది:
"అన్నేళ్ళు గుడారాల్లో తిరిగింది కదా శారమ్మ,
ఆవిడకి గోడ కావాలనిపించలేదంటావా?"
నేనేమన్నానో గుర్తులేదు.
"ముందు దిగి తొయ్యమ్మా" అన్నానేమో.

ఇప్పుడు ఏటుకూరు రోడ్డులో రెండు గదులు.
నాన్న గొంతు పోయింది. మాట్లాడొద్దన్నాడు డాక్టరు.
వ్యాను నిజాంపట్నం చేపలవాళ్ళు కొన్నారు,
అద్దం మీద పేరు చెరపలేదట.
ఆ దీర్ఘమూ పెట్టించి ఉండరు.

చేరిన రోజే అమ్మ పోపులపెట్టె తెరిచింది.
మేకుకి ఆవాలు దులిపి
పొత్రంతో నాలుగు దెబ్బలు వేసింది.
సిమెంటు గోడ. మేకు వంగింది.
గడప మీద పెట్టి, కొట్టి, తిన్నగా చేసి
మళ్ళీ ఆవాల్లో వేసేసింది.
"తర్వాత చూద్దాంలే."
కేలండరు కిటికీ ఊచకి వేలాడుతోంది,
అదే తాడు.

రాత్రి మూడింటికి నాన్న లేచి కూర్చుంటాడు.
ఇల్లు కదలకపోతే మెలకువొస్తుందేమో.
"ఏ ఊరొచ్చింది?" అంటాడు, గాలి తప్ప గొంతు లేకుండా.
"గుంటూరే నాన్నా."
"మైకు దించారా?"
"ఆఁ, దించాం" అంటాను,
చీకట్లో నా చెప్పుల కోసం
కాలితో తడుముకుంటూ.