మందు లెక్క

పగలంతా లూయిస్‌టౌన్ మందుల షాపులో
నీలం పళ్లెం మీద ఐదేసి చొప్పున
మాత్రలు జరుపుతాను.
రక్తపోటుకి, నిద్రకి, దిగులుకి.
సాయంత్రం ఆరు దాటాక
వెర్లిన్ హోస్టెట్లర్ గరాజులో
ఇంకో మందు కొలవడం నేర్చుకుంటున్నాను.

రైల్వే సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి.
మాట పొదుపు.
మొదటి వారం ప్రెస్ హ్యాండిల్ ముట్టనివ్వలేదు.
బల్లకి నాలుగు బోల్టులు బిగించమన్నాడు,
ఊపి చూశాడు, విప్పించాడు,
అడుగున ఓక్ చెక్క వేయించి మళ్లీ బిగించమన్నాడు.
"బల్ల కదిలితే నీ లెక్కా కదుల్తుంది, మార్లిస్."

రెండో వారం ఒకే ఒక్క గుల్ల.
ఒకసారి పేలి మసిబారిన ఇత్తడి గుల్ల
గొర్రె ఉన్ని జిడ్డు పూసుకుని
చక్రం మీద ఒంటరిగా ఐదు మజిలీలు తిరిగింది.
మొదటి డై దాని నడుము నొక్కి పాత కొలతకి తెచ్చింది,
కాలిన ప్రైమర్ టిక్కుమని డబ్బాలో రాలింది.
హ్యాండిల్ ముందుకి తోస్తే కొత్తది అడుగున కూర్చుంది,
ఆ కూర్చోవడం చెవికి కాదు, అరచేతికి తెలియాలట.
మూడో చోట మందు.
నాలుగో చోట సీసపు ముక్కు.
ఐదో చోట పెదవి మూయడం.
కాలిపర్‌తో కొలిచి వెర్లిన్ అన్నాడు:
"పొడుగెక్కువ. మళ్లీ."

డైని ఎంత తిప్పాలో పుస్తకంలో రాసుంది.
తిప్పింది నిలవాలంటే నట్టు బిగించాలి,
నట్టు బిగిస్తుంటే డై మళ్లీ వెంట్రుకవాసి జారుతుంది.
ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

నెలకి గాని ఐదు గుల్లలూ కలిసి తిరగలేదు.
ఒకటి మసి వదుల్తుంటే ఒకటి మందు పట్టుకుంటోంది,
లాగితే ఒకటి, లాగితే ఒకటి,
తొట్టిలో టంగుమని.
గర్వం పట్టుకుంది, ఒప్పుకుంటాను.
ఈల కూడా వేశాను.

తొంభై మూడో దాని దగ్గర ఫోన్ మోగింది.
షాపు నుంచి. ఏదో చీటీలో
డాక్టరు చేతిరాత అర్థం కాలేదట.
రెండు నిమిషాలు, అంతే.
తిరిగొచ్చి, అలవాటు కొద్దీ మూడుసార్లు లాగేశాను.
తర్వాత గుర్తొచ్చింది:
నేను వెళ్లేటప్పుడు హ్యాండిల్ సగంలో ఉంది.
దిగుతూ ఆగిందా, లేస్తూ ఆగిందా?
మూడో చోట ఉన్న గుల్లలో
మందు పడిందా?

అదీ ఇప్పుడు తొట్టిలోనే ఉంది,
తొంభై ఆరింటిలో ఒకటిగా మెరుస్తూ.
త్రాసులో వేస్తే తెలీదా అన్నాను.
ఇత్తడి బరువు దేని తీరు దానిదే,
చిటికెడు మందు తేడా అందులో మునిగిపోతుందన్నాడు.

తిట్టలేదు. గోడ మీది సుత్తి తీసిచ్చాడు.
బోలు తలకాయ ప్లాస్టిక్ సుత్తి.
దాని కడుపులో తూటా బిగించి దిమ్మకేసి కొడితే
ముక్కు ఊడుతుంది, మందు రాలుతుంది.
తొంభై ఆరు. ఒక్కోదానికి మూడేసి దెబ్బలు.
పక్కింటి బార్తెల్ బూట్ల నిండా మంచుతో వచ్చి
"ఈ వేళప్పుడు ఏం పగలగొడుతున్నారు?" అన్నాడు.
"అనుమానం," అన్నాడు వెర్లిన్.

పదకొండున్నరకి ఆఖరిది విప్పాను.
అన్నిట్లోనూ మందుంది.
తొంభై ఆరుకి తొంభై ఆరు.

భుజం పట్టేసింది. నవ్వూ రాలేదు.
వెర్లిన్ రాలిన మందుని జాగ్రత్తగా ఎత్తుతూ
ఆ నెలలో అతి పొడుగైన మాట మాట్లాడాడు:
"తీగ తెగినా, ఎలక కొరికినా
మా దీపం ఎర్రగానే వెలిగేది.
ఎదురుగా ఏమీ లేకుండా ఆగిన రైళ్లు బోలెడు.
వాటి గురించి ఎవరూ నాకు ఉత్తరం రాయలేదు."
తర్వాత మూడో మజిలీ మీదికి
ఒక చిన్న దీపం వంచి బిగించాడు.

పొద్దున షాపులో నలభై దాకా లెక్కపెట్టానేమో,
ఫోన్ మోగింది.
మాట్లాడి వచ్చి, మాత్రలన్నీ వెనక్కి పోసి
ఒకటి నుంచి మొదలుపెట్టాను.
కౌంటరవతల నిలబడ్డ రైతు గడియారం చూసుకున్నాడు.
చూసుకోనీ.