సున్న ఎకరాలు

బత్తాయి రైతుల సంఘం ఆఫీసుల
ఫ్యాను కింద పాత రశీదులు రెపరెపలాడుతుంటే
నేను లేని మనుషులను పుట్టిస్తున్న.
పేరు: పరీక్ష ఒకటి.
తండ్రి పేరు: పరీక్ష సున్న.
ఊరు తిప్పర్తి. తోట ఐదెకరాలు.
అచ్చం మనిషే అనుకొని
లోపలికి రమ్మంటది సైటు.

సభ్యత్వాల పని చూసే తునక ఇది.
ఇంకా పూర్తిగ కాలే,
వెర్షన్ సున్న పాయింట్ తొమ్మిది.
మిర్యాలగూడ నుంచి నిఖిలేశ్ పంపిండు:
"ఊకె వాడి చూడక్కా, ఏడ పలుగుతదో చెప్పు."

కత్తెర కాయ పచ్చిగుండంగనే
తెంపి లారీకెత్తినట్టుంది.
అయినా గోరుతోటి గిచ్చి
వాసన చూస్తున్న.

ఇంటిపేరు మూడక్షరాలకు తక్కువుండొద్దంటది.
మరి జాలోళ్లు? దండోళ్లు? ఏలెవాళ్లు?
వాళ్ల చెట్లకు కాయ కాస్తలేదా?

పుట్టిన తేదీ లేకుంటే కదలనంటది.
మా రిజిస్టర్ల నూట నలభై మంది
జులై ఒకటినాడే పుట్టిండ్రు,
బడిల సారు పుట్టించిన పుట్టుక.
జంగయ్య తాత మాత్రం
"కరువుకు ముందటేడు, జొన్న కోసే దినాలు" అన్నడు.
క్యాలెండర్ల ఆ గడి యాడుందో
నేను దొర్లించి దొర్లించి అలిసిన.

ఒక ఫోన్ నంబరుకు ఒక్కరే సభ్యులంట.
సైదులుకు, చిన్నసైదులుకు, జానయ్యకు
ముగ్గురన్నదమ్ములకు ఫోను ఒకటే,
అది బోరుమోటరు కాడ స్టార్టరు డబ్బాల ఉంటది.
ఓటీపీ సక్కగ అక్కడికే పోతది.
దాని ఆయుష్షు రెండు నిమిషాలు,
వాగు దాటి పోయొచ్చేటందుకు అర్ధగంట.

ఇగ పోయినోళ్ల సంగతి.
"తొలగించు" అని మీట ఉంది,
"పెండ్లానికి మార్చు" అని లేదు.
అంతయ్య పోయి ఏడాదిన్నర.
బుచ్చమ్మ కిటికీ కాడికొచ్చి అడుగుతది,
"ఆయన వాటా నా పేరు మీద పడ్డదా బిడ్డా?"
తొలగిస్తే వాటా కూడ పోతది,
ఉంచితే అంతయ్యకు
పుట్టినరోజు శుభాకాంక్షలు పోతున్నయి
జులై ఒకటినాడు.

అన్నీ రాసుకుంటున్న. పదిహేడయినయి.

నిన్న పొద్దుగూకి,
టన్నుకింత సూటు తీసే కాడ లొల్లి సద్దుమణిగినంక,
బుద్ధి పుట్టి ఒక పేరు కొట్టిన.
కొండమ్మ.
ఇరవయ్యేండ్ల సంది కాయ తెంపుతది,
తోట ఎవరిదైనా
ముండ్లు గీసేది ఆమె ముంజేతులనే.
ఎన్ని ఎకరాలు అన్న గడిల
సున్న పెట్టిన.
ఎర్రగయితదనుకున్న.
పచ్చగయింది.

ఇంటికి పొయ్యేసరికి
అమ్మ ఫోను ముందట పెట్టుకొని కూసుంది.
"ఏంది బిడ్డా ఇది, బ్యాంకోళ్లా?"
చదివిన:
"కొండమ్మ గారూ, సంఘంలోకి స్వాగతం.
మీ సభ్యత్వ సంఖ్య నాలుగు వందల పన్నెండు."
జెరసేపు ఏమనలే.
పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుసుకొని అడిగింది,
"గారూ అని రాసిండ్రా?"

రాత్రి రిపోర్టుకు కూసున్న.
తప్పు నంబరు పద్దెనిమిది:
భూమి లేనోళ్లను కూడ సభ్యులుగ తీసుకుంటున్నది.
తీవ్రత: ఎక్కువ.
ఏం జరిగింది? రాసిన.
ఏం జరగాలె? అన్న గడిల
కర్సరు కొట్టుకుంటనే ఉంది,
కొట్టుకుంటనే ఉంది.
లైటార్పిన.

తెల్లారంగనే నిఖిలేశ్ ఫోన్:
"అక్కా, పద్దెనిమిదోది సగమే రాసినవు."
"అవు తమ్మీ," అన్న,
"ఆ సగం నాకు రాదు.
సంఘపోళ్లను అడుగు."

అప్పటికే అమ్మ ట్రాలీ ఎక్కింది.
సద్ది ఒక చేత, గోనెసంచి ఒక చేత.
ట్రాలీ కదిలినంక
వెనక్కి మల్లి ఒర్రింది,
ఆ మెసేజు చెరపకని.